షుగర్ పుస్తకంలో మనసుకూ ఒక గడి: దీర్ఘకాల జబ్బుతో ఉన్నవారు మానసిక చికిత్స ఎలా పొందాలి

మా బాపుకు షుగర్ వచ్చి పద్దెనిమిదేళ్లు. హనుమకొండలో ఆయన మంచం పక్కన పొడవాటి లెక్కల పుస్తకం ఒకటి ఉంటుంది. పరగడుపు షుగర్, తిన్నాక షుగర్, వేసుకున్న ఇన్సులిన్ యూనిట్లు, అన్నీ స్కేలుతో గీసిన గడుల్లో ముత్యాల్లాంటి అంకెలతో రాసేవారు. కాలికి పుండు పడి నెలన్నర మంచంలో ఉన్నాక ఆ గడులు ఖాళీ అవుతూ వచ్చాయి. మొదట రాత్రి గడి, తర్వాత పొద్దుటి గడి. ఒక రోజు తెరిచి చూస్తే పదకొండు రోజులుగా ఒక్క అంకె లేదు. ఆసుపత్రికి తీసుకెళ్తే రిపోర్టు చూసి ఇన్సులిన్ పెంచారు. మళ్లీ వెళ్తే మళ్లీ పెంచారు. అసలు వేసుకుంటున్నారా అని ఎవరూ అడగలేదు. అడగాలని నాకూ తట్టలేదు. నాలుగు నెలలు గడిచాక ఒక నర్సు పక్కన కూర్చుని మెల్లగా అడిగితే బాపు అన్న మాట: "రంది పట్టుకున్నదమ్మా. ఎవరి కోసం వేసుకోవాలి?"

ఆ నాలుగు నెలలు మీ ఇంట్లో పోకూడదని ఇది రాస్తున్నాను. షుగర్, గుండెజబ్బు, పక్షవాతం, కిడ్నీ జబ్బు, కీళ్లవాతం, ఆయాసం, క్యాన్సర్... ఏళ్ల తరబడి మోయాల్సిన ఏ జబ్బయినా మనసును కుంగదీస్తుంది. షుగర్ ఉన్నవారికి డిప్రెషన్ వచ్చే అవకాశం లేనివారికంటే రెండు మూడు రెట్లు ఎక్కువ. మనసు కుంగితే మందులు తప్పుతాయి, నడక ఆగుతుంది, తిండి గాడి తప్పుతుంది. దాంతో ఒంట్లో జబ్బు ముదురుతుంది. "మనోవ్యాధికి మందు లేదు" అని మన పెద్దలు అన్నది మందు లేని రోజుల్లో. ఇప్పుడు ఉంది. ఎక్కడ, ఎలా దొరుకుతుందో ఒక్కో అడుగుగా చెబుతాను.

ముందుగా: రందిని గుర్తుపట్టండి

"నాకు డిప్రెషన్ ఉంది" అని మన ఊళ్లలో ఎవరూ చెప్పరు. నిద్ర పట్టడం లేదంటారు, తల బరువుగా ఉందంటారు, గుండె దడ, ఒళ్లంతా గుంజుతోంది, మనాది పట్టుకుంది అంటారు. చిక్కేమిటంటే నీరసం, నిద్రలేమి, ఆకలి తగ్గడం అసలు జబ్బు వల్ల కూడా వస్తాయి. కాబట్టి వాటికంటే ముందు రెండు విషయాలు చూడండి. గత రెండు వారాల్లో, ఇదివరకు ఇష్టంగా చేసిన పనుల మీద ఆసక్తి పోయిందా? దిగులుగా, ఇక ఏమీ బాగుపడదన్నట్లుగా ఉంటోందా? ఒక్కోదానికి ఇలా మార్కు వేసుకోండి: అసలు లేకపోతే 0, కొన్ని రోజులు ఉంటే 1, సగం రోజులకు మించి ఉంటే 2, దాదాపు రోజూ ఉంటే 3. రెండూ కలిపి 3 గానీ అంతకు మించి గానీ వస్తే డాక్టర్‌తో మాట్లాడాల్సిందే.

ఈ రెండూ డిప్రెషన్‌ను కొలిచే పీహెచ్‌క్యూ-9 అనే ప్రశ్నాపత్రంలోని మొదటి రెండు ప్రశ్నలు. మొత్తం తొమ్మిది ప్రశ్నలు, గరిష్ఠంగా 27 మార్కులు. 10 గానీ అంతకు మించి గానీ వస్తే వైద్యులు దాన్ని పట్టించుకోవాల్సిన స్థాయిగా చూస్తారు. తొమ్మిదో ప్రశ్న, చనిపోతే బాగుండునని గానీ తనకు తాను హాని చేసుకోవాలని గానీ అనిపిస్తోందా అని. దానికి జవాబు 0 కాకపోతే మొత్తం మార్కులతో పని లేదు, ఆ రోజే సాయం అడగాలి. ఆ సంగతి చివర్లో విడిగా చెప్పాను. అవసరమైతే ముందు అదే చదవండి.

మార్కుల్లో పడని గుర్తు కూడా ఒకటుంది. "నేను మీకు భారమయ్యాను" అనే మాట. ఇంట్లో జబ్బు మనిషి ఆ మాట రెండోసారి అన్నారంటే దాన్ని మాటవరసకు అన్నదిగా తీసుకోకండి.

మనసు అనుకున్నది ఒళ్లే కావచ్చు, అదీ చూసుకోండి

మానసిక చికిత్సకు వెళ్లే ముందో, వెళ్తూనో కొన్ని రక్త పరీక్షలు చేయించడం మంచిది. థైరాయిడ్ తక్కువగా ఉన్నా, రక్తహీనత ఉన్నా అచ్చం డిప్రెషన్‌లాగే మనిషి మందగిస్తాడు. ఏళ్ల తరబడి మెట్‌ఫార్మిన్ వాడేవారిలో బీ12 విటమిన్ తగ్గుతుంది. దానివల్లా నీరసం, మతిమరుపు, దిగులు వస్తాయి. ఆయాసానికో కీళ్లవాతానికో స్టెరాయిడ్ మాత్రలు వాడేవారికి మనసు ఉన్నట్టుండి పైకీ కిందికీ ఊగుతుంది. వాడుతున్న మందుల పేర్లన్నీ చెప్పి "వీటిలో దేనివల్లనైనా ఇలా అవుతుందా?" అని అడగండి.

ఇన్సులిన్ గానీ షుగర్ మాత్రలు గానీ వాడేవారికి హఠాత్తుగా చెమటలు, వణుకు, గుండెదడ వస్తే గాబరా అని సరిపెట్టుకోకండి. వెంటనే గ్లూకోమీటర్‌తో చూడండి. 70 కంటే తక్కువ ఉంటే అది షుగర్ పడిపోవడం. మూడు నాలుగు చెంచాల చక్కెర నీళ్లలో కలిపి తాగి, పావుగంటకు మళ్లీ చూడాలి. అలాగే ఛాతీ నొప్పిని "టెన్షన్ వల్ల" అని ఇంట్లో ఎవరు చెప్పినా ఒప్పుకోకండి. ఆ మాట ఈసీజీ తీసిన డాక్టర్ చెప్పాలి.

మీ జబ్బు చూసే డాక్టర్‌కే మొదట చెప్పండి

ఇంగ్లండ్‌లో 2008లో మొదలైన ప్రభుత్వ మాటల చికిత్స సేవలో షుగర్, గుండె, ఊపిరితిత్తుల జబ్బులున్నవారికి ప్రత్యేకమైన దారి ఉంది. మానసిక చికిత్స చేసేవారు ఆ జబ్బు చూసే వైద్య బృందంతో కలిసి పనిచేస్తారు. మన దగ్గర ఈ రెండు గదుల మధ్య తలుపు చాలాచోట్ల లేదు. ఆ రెంటినీ కలిపే పని మీ చేతిలోని చీటీదే.

ఓపీలో మీకు దొరికేది రెండు మూడు నిమిషాలు. వెనక వరుస ఉంటుంది, పక్కన ఇంకో రోగి నిలబడి ఉంటారు, నోట్లో మాట నోట్లోనే ఉండిపోతుంది. అందుకని ముందు రాత్రే ఒక కాగితం మీద నాలుగు వాక్యాలు రాసుకోండి. మేము రాసింది ఇది: "పద్దెనిమిదేళ్లుగా షుగర్. కాలి పుండు తర్వాత నాలుగు నెలలుగా దేనిమీదా మనసు లేదు. ఇన్సులిన్ వారంలో మూడు నాలుగు రోజులు వేసుకోవడం లేదు. మనసుకు చికిత్స కావాలి, ఎవరి దగ్గరికి వెళ్లాలో రాసివ్వండి." మూడో వాక్యం చెప్పడానికే అందరూ భయపడతారు. డాక్టర్ తిడతారని. కానీ ఆ ఒక్క వాక్యం దాచడం వల్లే మా ఇంట్లో వేసుకోని ఇన్సులిన్‌కు డోసు పెరిగింది. పెంచిన డోసు ఏదో ఒక రోజు గుర్తొచ్చి ఒక్కసారిగా వేసుకుని ఉంటే ఏమయ్యేదో తలచుకుంటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. ఆ వాక్యం తప్పక రాయండి.

చీటీతోపాటు మందుల జాబితా, చివరి రిపోర్టులు, మీ మార్కులు ఒకే కవర్లో పెట్టుకోండి. నలుగురిలో చెప్పలేకపోతే ఆ కాగితం డాక్టర్ చేతికి ఇవ్వండి, చాలు.

ఎక్కడికి వెళ్లాలి

వరంగల్‌లో ఎంజీఎం ఆసుపత్రికి వెళ్లవచ్చు. 1959లో మొదలైన కాకతీయ వైద్య కళాశాలకు అనుబంధ ఆసుపత్రి అది. అక్కడ సైకియాట్రీ, అంటే మానసిక వైద్య విభాగం ఉంది. కరీంనగర్, జగిత్యాల, రామగుండం, మంచిర్యాల, నిర్మల్, సిరిసిల్ల, భూపాలపల్లి వైపువారు అంత దూరం రానక్కర్లేదు. ప్రభుత్వ వైద్య కళాశాలలు ఇప్పుడు ఈ పట్టణాల్లోనూ ఉన్నాయి, వాటికి అనుబంధంగా ఉన్న ఆసుపత్రిలో "సైకియాట్రీ ఓపీ ఏయే రోజుల్లో?" అని చీటీలు రాసేచోట అడగండి. నిజామాబాద్‌లో ప్రభుత్వ వైద్య కళాశాల ఆసుపత్రి, ఆదిలాబాద్‌లో రిమ్స్ ఉన్నాయి. పొద్దున్నే వెళ్లండి, మధ్యాహ్నం అయ్యాక ఓపీ దొరకదు.

సైకియాట్రీ గది ముందు కూర్చుంటే తెలిసినవారు చూస్తారని, ఎర్రగడ్డ మానసిక ఆసుపత్రికి పంపిస్తారని చాలామందికి భయం. ఆ బల్ల మీద గంటసేపు బాపు పక్కన కూర్చున్నదాన్ని కాబట్టి చెబుతున్నాను. మా పక్కన పక్షవాతం వచ్చిన ఒక పెద్దాయన, కాన్పు తర్వాత నిద్ర పట్టని ఒక చిన్న వయసు బాలింత, గల్ఫ్ నుంచి తిరిగొచ్చిన ఒక యువకుడు ఉన్నారు. అందరూ మనలాంటివారే. ఇలాంటి ఇబ్బందికి సాధారణంగా ఎవరినీ ఎక్కడికీ పంపరు. మాట్లాడి ఇంటికే పంపిస్తారు.

ఇక్కడ ఒక తేడా తెలుసుకోవాలి. సైకియాట్రిస్ట్ అంటే ఎంబీబీఎస్ తర్వాత మానసిక వైద్యం చదివిన డాక్టర్, మందులు రాస్తారు. క్లినికల్ సైకాలజిస్ట్ మాటలతో చికిత్స చేస్తారు, మందులు రాయరు. రద్దీ ఓపీలో మాత్రలు రాసి పంపడమే తేలిక కాబట్టి మీరే నోరు తెరిచి అడగాలి: "మాటల చికిత్స కూడా కావాలి. ఇక్కడ సైకాలజిస్ట్ ఉన్నారా? లేకపోతే ఎక్కడికి వెళ్లాలి?" ప్రైవేటులో వెళ్తే ఆ సైకాలజిస్ట్‌కు రీహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా రిజిస్ట్రేషన్ ఉందో లేదో అడగండి. నిజమైనవారు నొచ్చుకోరు, నంబరు చూపిస్తారు. రెండు నెలల కోర్సు చేసి బోర్డు పెట్టినవారి దగ్గర డబ్బూ కాలమూ పోగొట్టుకోకండి.

ఎక్కడికీ కదలలేనివారికి, డయాలసిస్‌కు వెళ్లొచ్చి ఓపిక లేనివారికి, ఊరు దాటాలంటే బస్సు లేనివారికి 14416 ఉంది. టెలీ మానస్ అని 2022 అక్టోబరులో కేంద్ర ప్రభుత్వం ప్రారంభించింది. రాత్రీ పగలూ పనిచేస్తుంది, ఉచితం, తెలుగులో మాట్లాడతారు. మొదట కౌన్సెలర్ వింటారు. అవసరమైతే నిపుణులకు కలుపుతారు, దగ్గరి ఆసుపత్రి చెబుతారు. ఫోన్ చేయగానే "నాకు ఫలానా జబ్బు ఇన్నేళ్లుగా ఉంది, ఈ మందులు వాడుతున్నాను" అని మొదలుపెట్టండి. అది చెప్పకపోతే మామూలు ఒత్తిడి అనుకుని మాట్లాడతారు.

మాటల చికిత్సలో ఏం జరుగుతుంది

"మాట్లాడితే షుగర్ తగ్గుతుందా బిడ్డా?" అని బాపు దారి పొడవునా అడుగుతూనే ఉన్నారు. న్యాయమైన ప్రశ్నే. అక్కడ జరిగేది ఓదార్పు కాదు, నీతిబోధ అసలే కాదు. వారానికి ఒకసారి, ముప్పావుగంట నుంచి గంట, సాధారణంగా ఆరు నుంచి పన్నెండు వారాలు. ప్రతిసారీ ఇంటికి ఒక పని ఇస్తారు. ఆ పనే అసలు చికిత్స.

బాపుకు మొదటి వారం ఇచ్చిన పని ఇదీ: షుగర్ పుస్తకంలోనే పక్కన ఇంకో గడి గీసి, రోజూ చేసిన ఒక చిన్న పని రాయాలి, దాని పక్కన ఆ పని చేసేముందు మనసుకు పదికి ఎంత, చేశాక ఎంత అని వేయాలి. పని ఎంత చిన్నదైనా సరే. మొదటి రోజు "గడప దాకా నడిచాను, 2, 2" అని ఉంది. మూడో రోజు "మనవడికి ఎక్కాలు చెప్పాను, 2, 5". ఆ 5 చూసి సైకాలజిస్ట్ అడిగారు: "ఏమీ బాగుండదన్నారు కదా, ఇదెలా వచ్చింది?" బాపు చాలాసేపు ఆ అంకె వైపే చూశారు. మనసు బాగుపడ్డాక పని చేద్దామనుకుంటాం. ముందు పని మొదలైతే మనసు దాని వెంట నడుస్తుంది. ఈ చికిత్స పట్టుకున్న కిటుకు అదే.

ఇంకో పద్ధతి ఆలోచనలను పట్టుకోవడం. "షుగర్ 240 వచ్చింది, నా బతుకింతే" అనే మాటలో అంకె నిజం, తీర్పు మనం కలిపింది. రెంటినీ విడదీసి రాయడం నేర్పుతారు. 240 ఎందుకు వచ్చిందో చూస్తే రాత్రి పెళ్లి భోజనమో, తప్పిన డోసో కనిపిస్తుంది. దానికి చేయగలిగింది ఉంటుంది. "బతుకింతే" అనుకుంటే చేయగలిగింది ఏమీ ఉండదు.

నొప్పితో బతికేవారికి పనికొచ్చేది పనిని కొంచెం కొంచెంగా విడగొట్టుకుని చేయడం. బీడీలు చుట్టే అక్కలను చూడండి. నడుము కాస్త నయంగా ఉన్న రోజు వెయ్యి పూర్తి చేయాలని లేవకుండా కూర్చుంటారు. తర్వాత రెండు రోజులు లేవలేరు. లేవలేని రోజు మనసు కుంగుతుంది, లేచిన రోజు మళ్లీ అదే పరుగు. దీనికి మందు గడియారం. నొప్పి మొదలయ్యే దాకా ఎంతసేపు కూర్చోగలుగుతున్నారో మూడు రోజులు చూడండి. అరగంట అనుకుంటే ఇరవై నిమిషాలకే లేవాలి. నొప్పి ఉన్నా లేకపోయినా లేచి అయిదు నిమిషాలు ఇంట్లో తిరగాలి. బాగున్న రోజు కూడా అంతే, అది కష్టం. మెల్లగా వారానికి రెండు మూడు నిమిషాలు పెంచుకోవాలి.

ఆయాసం ఉన్నవారికి, ముఖ్యంగా గనుల్లో పనిచేసి ఊపిరితిత్తులు పాడైనవారికి, ఊపిరి అందకపోవడం, భయం ఒకదాన్నొకటి పెంచుకుంటాయి. ముక్కుతో రెండు అంకెలు లెక్కపెట్టేంతసేపు గాలి పీల్చి, దీపం ఆర్పకుండా కదిలించినట్లు పెదవులు గుండ్రంగా చుట్టి నాలుగు అంకెలసేపు వదలండి. బాగున్నప్పుడే రోజూ రెండుసార్లు సాధన చేస్తేనే ఆయాసం వచ్చినప్పుడు అది గుర్తొస్తుంది.

రెండు మూడు వారాలకు "ఏమీ లాభం లేదు" అనిపిస్తుంది. దాదాపు అందరికీ. ఆ మాట సైకాలజిస్ట్‌తోనే చెప్పండి, మానేయకండి. ఆరు వారాలు ఇచ్చిన పని చేశాక కూడా మార్కులు తగ్గకపోతే పద్ధతి మార్చమని గానీ, మందులు కలపాలేమో చూడమని గానీ అడిగే హక్కు మీకుంది.

మందులు రాస్తే

డిప్రెషన్ మందులు పనిచేయడానికి సాధారణంగా రెండు నుంచి నాలుగు వారాలు పడుతుంది. ఇవి నిద్రమాత్రల్లా అలవాటుపడేవి కావు, కానీ హఠాత్తుగా ఆపకూడదు. డాక్టర్ చెప్పినట్లు తగ్గించుకుంటూ రావాలి. మోకాళ్ల నొప్పికి దుకాణంలో కొనుక్కునే మాత్రలు, ట్రమడాల్ అనే నొప్పి మందు, రక్తం పలుచబడే మందులు వాడుతుంటే తప్పకుండా చెప్పండి. కొన్ని కలిస్తే రక్తస్రావం, ఇతర ప్రమాదాలు ఉంటాయి. కొన్ని మందులు ఆకలిని, బరువును పెంచుతాయి కాబట్టి షుగర్ ఉన్నవారు ఆ సంగతి ముందే అడగాలి. ఇంకో మాట: షుగర్‌తో కాళ్లు మంటలు పుట్టేవారికి అమిట్రిప్టిలిన్, డ్యూలాక్సెటిన్ లాంటివి నరాల నొప్పికే రాస్తారు. మందుల చీటీ ఇంటర్నెట్లో వెతికి "ఇది మానసిక రోగుల మాత్ర" అని ఎవరో చెబితే ఆపేయకండి.

ఇంట్లోవారు

"ధైర్యంగా ఉండు" అనే మాటను కొంతకాలం పక్కన పెట్టండి. ధైర్యం చాలకపోబట్టే ఈ గొడవంతా అన్నట్లు వినిపిస్తుంది అది. "ఇన్సులిన్ వేసుకున్నావా?" అని రోజుకు నాలుగుసార్లు అడిగే బదులు ఒక్కసారి "ఈ రోజు ఎలా గడిచింది బాపూ?" అని అడిగి జవాబు వచ్చేదాకా ఊరుకోండి. నేను నేర్చుకోవడానికి చాలా కాలం పట్టింది.

భద్రకాళి గుడికి వెళ్లండి, మేడారం మొక్కు తీర్చుకోండి, దర్గాకు వెళ్లండి. మనసుకు అవి ఆసరా. మందు, మాటల చికిత్స వాటితోపాటు నడవాలి, వాటి తర్వాత కాదు. సేవ చేసే మనిషినీ మరిచిపోకండి. మా అవ్వకు నిద్ర కరవై ఆరు నెలలైందని బాపు కోలుకున్నాకే నాకు తెలిసింది. జబ్బు మనిషిని చూసుకునేవారు కూడా 14416కు ఫోన్ చేయవచ్చు.

గుట్టు బయటపడుతుందని భయం ఉంటే తెలుసుకోండి: 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ప్రకారం మీ చికిత్స వివరాలు గోప్యంగా ఉంచాలి. శరీర జబ్బులకు ఇచ్చినట్లే మానసిక జబ్బులకూ బీమా ఇవ్వాలని కూడా అదే చట్టం చెబుతోంది. పాలసీ ఉంటే ఆ మాట పట్టుకుని అడగండి.

చచ్చిపోవాలనిపిస్తే, ఎవరైనా ఆ మాట అంటే

ఒంటరిగా వదలకండి. "అలాంటి ఆలోచన వస్తోందా?" అని సూటిగా అడగండి, అడిగితే ఆలోచన పుట్టదు, లోపలి బరువు కాస్త దిగుతుంది. పురుగుమందు డబ్బాలు ఇంట్లో ఉంటే ఆ రోజే బయటికి పంపించండి. మందులన్నీ ఇంట్లో ఒకరి చేతిలో ఉంచి, ఏ పూటకు ఆ పూట ఇవ్వండి. 14416కు ఫోన్ చేయండి. ఇప్పటికే ఏదైనా చేసుకుని ఉంటే 108. కేసు అవుతుందని ఆసుపత్రికి తీసుకెళ్లడం ఆలస్యం చేయకండి. అలాంటి మనిషి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్లే చట్టం చూస్తుంది, చికిత్స అందించమనే చెబుతుంది.

తగ్గాక

ఇది మళ్లీ రావచ్చు, ముఖ్యంగా కొత్త పుండో, ఆపరేషనో, మందు మార్పో వచ్చినప్పుడు. అందుకే చివరి వారం సైకాలజిస్ట్ ఒక పని ఇచ్చారు: మళ్లీ మొదలవుతోందని తెలిపే గుర్తులు మూడు, మీవి మాత్రమే అయినవి, రాసి పెట్టుకోండి అని. బాపు వాటిని షుగర్ పుస్తకం వెనక అట్ట లోపల రాశారు. చేతిలో టీ చల్లారిపోవడం. చెల్లెలి ఫోన్ ఎత్తకపోవడం. గడులు రెండు రోజులు ఖాళీగా ఉండటం. వాటి కింద 14416, దాని కింద నా నంబరు.